డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి

పాఠం చదవడానికి ముందు

మీలో కొందరు చిన్నప్పుడే బడి మానేసి ఉంటారు. ఇంట్లో పనుల వల్ల కావచ్చు, డబ్బు లేక కావచ్చు. ఆడపిల్ల పెద్దమనిషి అయింది కదా, ఇక బడి ఎందుకని పెద్దలు మాన్పించి ఉండవచ్చు. ఇప్పుడు ఇంటి దగ్గర కూర్చొని, పనులన్నీ అయ్యాక పుస్తకం తెరిచి, పరీక్షకు సిద్ధమవుతున్నారు. ఈ పాఠంలో మీరు తెలుసుకోబోయే ఆమె కూడా ఒకప్పుడు అలాగే చదువుకుంది. బడికి వెళ్లకుండా, ఇంట్లో కూర్చొని చదివి, ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ పరీక్ష రాసింది. తర్వాత డాక్టరు అయింది. ఆ తర్వాత శాసనమండలిలో అడుగు పెట్టింది. బ్రిటిషు పాలన కింద ఉన్న ఇండియాలో చట్టసభలో కూర్చున్న మొట్టమొదటి మహిళ ఆమే.

ఆమె పేరు ముత్తులక్ష్మి. పెళ్లయిన తర్వాత ముత్తులక్ష్మీ రెడ్డి. ఆమె తమిళ దేశానికి చెందినవారు. అయితే ఆమె పనిచేసిన మద్రాసు రాష్ట్రంలో ఆనాడు కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా కలిసి ఉండేవి. అందువల్ల ఆమె చేయించిన చట్టాలు మన ఊళ్లకూ వచ్చాయి.

పుదుక్కోటలో బాల్యం

తమిళనాడులో తిరుచినాపల్లికి దక్షిణంగా పుదుక్కోట అనే ఊరు ఉంది. బ్రిటిషు వారి కాలంలో అది ఒక చిన్న సంస్థానం. రాజు వేరు, రాజ్యం వేరు. ముత్తులక్ష్మి అక్కడ 1886 జులై 30న పుట్టింది. తండ్రి నారాయణస్వామి అయ్యర్ బ్రాహ్మణుడు. ఊళ్లోని మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల కులంలో పుట్టింది. ఆ కులం స్త్రీని భార్యగా స్వీకరించినందుకు నారాయణస్వామి అయ్యర్‌ను ఆయన బంధువులు వెలివేసినంత పని చేశారు.

దేవదాసీ అంటే ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆడపిల్లను గుడిలోని దేవుడికి ఇచ్చి పెళ్లి చేస్తారు. ఆమె ఇక ఏ మగవాణ్ణీ పెళ్లాడటానికి వీల్లేదు. గుడిలో ఆడాలి, పాడాలి, హారతులు పట్టాలి. పేరుకు ఆమె నిత్యసుమంగళి. బతుకు మాత్రం ఊళ్లోని ధనవంతుల దయ మీద గడిచేది. మన వైపు వీరిని కళావంతులు అనీ, భోగం వారు అనీ అనేవారు. సంగీతం, నాట్యం, సాహిత్యం తరతరాలుగా కాపాడింది వీరే. ఆ మాట కూడా మనం గుర్తు పెట్టుకోవాలి. విద్య వారిది. ఆ విద్యకు వచ్చే మర్యాద మాత్రం వారికి దక్కలేదు.

ముత్తులక్ష్మికి తన తల్లి పుట్టిన ఇంటి సంగతులు చిన్నప్పటి నుంచే తెలుసు. ఆ కులంలోని ఆడవాళ్ల కష్టాలు ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి కావు. తల్లి తరపు చుట్టాలను చూసి తెలుసుకున్నవి. తర్వాతి కాలంలో ఆమె శాసనమండలిలో ఈ విషయం మీద నిలబడి మాట్లాడినప్పుడు ఆమె గొంతులో ఉన్న పట్టుదలకు కారణం ఇదే.

తెర వెనుక చదువు

అక్షరాలు దిద్దించడం వరకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. బడిలో బాగా చదివేది. పెద్దమనిషి అయిన వెంటనే బడి మాన్పించారు. అది ఆనాటి ఆచారం. తల్లి పెళ్లి సంబంధాల మాట ఎత్తింది. ముత్తులక్ష్మి చదువు కావాలని పట్టు పట్టింది. తండ్రి ఉపాధ్యాయుడు కాబట్టి కూతురి ఆసక్తిని గ్రహించి, ఇంట్లోనే చదువు చెప్పే ఏర్పాటు చేశాడు. అలా ఇంట్లో చదివి, 1902లో మెట్రిక్యులేషన్ పరీక్ష పాసయింది.

తర్వాత ఏమిటి? ఊళ్లో ఉన్నది ఒకటే కళాశాల. అది మగపిల్లల కళాశాల. తనను చేర్చుకోమని ఆమె దరఖాస్తు పెట్టింది. ఊళ్లో పెద్ద గొడవ జరిగింది. ఆడపిల్ల వచ్చి కూర్చుంటే మగపిల్లల మనసు చెదిరిపోతుందని కొందరు, తల్లి కులం పేరెత్తి ఇంకొందరు అభ్యంతరం చెప్పారు. ఈ పిల్లను చేర్చుకుంటే మా పిల్లలను మాన్పిస్తామని బెదిరించిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఏ కళాశాలకు ఆమె తండ్రి ప్రిన్సిపాలుగా పనిచేశాడో ఆ కళాశాలలోనే ఆమెకు చోటు లేదన్నారు!

చివరికి సంగతి పుదుక్కోట రాజు మార్తాండ భైరవ తొండైమాన్ దాకా వెళ్లింది. ఆయన ఆధునిక భావాలున్న మనిషి. పిల్లను చేర్చుకోమని ఉత్తరువు ఇచ్చాడు. చేర్చుకున్నారు. కాని మామూలుగా కాదు. ఆమె మూసిన బండిలో రావాలి, మూసిన బండిలో పోవాలి. తరగతిలో ఆమెకూ మగపిల్లలకూ మధ్య తెర కట్టారు. పాఠం చెప్పే ఆయన ఆమెకు కనిపిస్తాడు. తోటి విద్యార్థులు కనిపించరు. అలా తెర వెనుక కూర్చొని ఇంటర్మీడియట్ పూర్తి చేసింది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి: ముత్తులక్ష్మికి చదువులో సాయపడినవారు ఎవరు, అడ్డుపడినవారు ఎవరు? తండ్రి, రాజు ఇద్దరూ పక్కన నిలబడకపోతే ఆమె పట్టుదల ఒక్కటే సరిపోయేదా? మీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకొని ముందుకు సాగండి.

మద్రాసు వైద్య కళాశాల

1907లో ముత్తులక్ష్మి మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. పుదుక్కోట నుంచి మద్రాసు వెళ్లడమంటే ఆ రోజుల్లో ఆడపిల్లకు చిన్న విషయం కాదు. కళాశాలలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఆడవాళ్లు శస్త్రచికిత్స నేర్చుకోవడమేమిటని చులకనగా చూసిన ఆచార్యులు కూడా ఉన్నారు. 1912లో ఆమె ఎం.బి. అండ్ సి.ఎం. పట్టం పుచ్చుకుంది. పతకాలు, బహుమతులు కూడా వచ్చాయి. ఆ విద్య పూర్తి చేసిన తొలి భారతీయ మహిళల్లో ఆమె ఒకరు. తర్వాత ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీల, పిల్లల ఆస్పత్రిలో హౌస్ సర్జనుగా పనిచేశారు. ఆ పదవిలో ఒక స్త్రీని నియమించడం అక్కడ అదే మొదటిసారి.

చదువుకునే రోజుల్లోనే ఆమెకు సరోజినీ నాయుడితో పరిచయం కలిగింది. అనీ బిసెంట్ ఉపన్యాసాలు విన్నది. ఆడవాళ్ల జీవితాన్ని మందులతో మాత్రమే బాగు చేయలేమన్న ఆలోచన అప్పుడే మొలకెత్తి ఉండాలి.

1914లో డాక్టర్ సుందర రెడ్డితో ఆమె పెళ్లి జరిగింది. పెళ్లికి ముందు ఆమె ఆయనకు షరతు పెట్టారు. తనను సమానురాలిగా చూడాలి, తన ఇష్టాలకు, పనులకు అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, మాట నిలబెట్టుకున్నారు కూడా. 1872 నాటి వివాహ చట్టం కింద, కులం పట్టింపు లేకుండా ఆ పెళ్లి జరిగింది. వారికి ఇద్దరు కొడుకులు, రామ్మోహన్, కృష్ణమూర్తి. ఈ కృష్ణమూర్తి పేరు గుర్తు పెట్టుకోండి. పాఠం చివరలో మళ్లీ వస్తుంది. మన సావిత్రి భర్త, సినీ నటుడు జెమినీ గణేశన్ కూడా ఈ కుటుంబానికి బంధువే.

మద్రాసులో ఆమె డాక్టరుగా మంచి పేరు తెచ్చుకున్నారు. ఇంకోవైపు డబ్బు తీసుకోకుండా చేసే పని కూడా పెరిగింది. ఆ రోజుల్లో సిస్టర్ సుబ్బలక్ష్మి అనే ఆమె బాల వితంతువులను చేరదీసి చదువు చెప్పించేవారు. ఆ వసతిగృహంలోని పిల్లలకు వైద్యం చేసింది ముత్తులక్ష్మీ రెడ్డిగారే. పదేళ్లకూ పన్నెండేళ్లకూ పెళ్లయి, కాపురం అంటే ఏమిటో తెలియకుండానే భర్తను పోగొట్టుకున్న పిల్లలు వారు. కాన్పుల కోసం తన దగ్గరికి వచ్చేవారిలో కూడా పదమూడు, పద్నాలుగేళ్ల తల్లులను ఆమె చూశారు. ఇలాంటి తల్లీబిడ్డల చావులకు మందు ఆస్పత్రిలో లేదు, చట్టంలో ఉంది.

శాసనమండలిలో తొలి మహిళ

ఇప్పుడు మనకు పద్దెనిమిదేళ్లు నిండితే ఓటు. ఆనాడు అలా కాదు. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్న కొద్దిమందికే ఓటు ఉండేది, అదీ మగవాళ్లకే. 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే మహిళా సంఘం ఏర్పడింది. మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస, అనీ బిసెంట్ దానిని నడిపించారు. ముత్తులక్ష్మీ రెడ్డిగారు కూడా అందులో చేరి పనిచేశారు. వారు అడిగిన మొదటి హక్కుల్లో ఓటు ఒకటి. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇవ్వడానికి తీర్మానించింది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రాల్లో ఆ పని చేసినది మద్రాసే మొదట. ఓటు వేయవచ్చు గాని, మండలిలో సభ్యురాలిగా కూర్చోవడానికి మాత్రం 1926 దాకా వీలు లేకపోయింది.

1926 ఎన్నికల్లో మంగళూరు వైపు నుంచి కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీ చేశారు. కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచిన స్త్రీ ఒక్కరూ లేరు. కొందరు సభ్యులను ప్రభుత్వమే నియమించే పద్ధతి ఉండేది కాబట్టి, ఒక స్థానం స్త్రీకి ఇవ్వాలని మహిళా సంఘం అడిగింది. ముత్తులక్ష్మీ రెడ్డిగారి పేరు సూచించింది. ఆమె అంతకు ముందే 1925లో ఇంగ్లండు వెళ్లి, స్త్రీల వైద్యంలో, పిల్లల వైద్యంలో పైచదువు చదివి వచ్చారు. మొదట ఆమె వెనుకాడారు. రోగులను ఎవరు చూస్తారు? రాజకీయాలు తనకేం తెలుసు? ఈ సందేహాలన్నీ ఆమెకు వచ్చాయి. చివరకు ఒప్పుకున్నారు. అప్పుడు ఆమెకు నలభై ఏళ్లు. 1927లో సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమెను మండలి ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఒకప్పుడు తరగతిలో తెర కట్టి కూర్చోబెట్టిన పిల్ల ఇప్పుడు మగవాళ్లతో నిండిన సభలో అధ్యక్షుడు లేని సమయంలో పీఠం మీద కూర్చునేది.

ఆమె మండలిలో ఉన్నది సుమారు మూడున్నర సంవత్సరాలు మాత్రమే. ఆ కొద్ది కాలంలో ఏయే విషయాలు ఎత్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బడిపిల్లలకు వైద్య పరీక్షలు చేయించాలన్నారు. పిల్లలకు ప్రత్యేకంగా ఆస్పత్రి కావాలన్నారు. ఆడపిల్లల చదువుకు ఖర్చు పెంచమన్నారు. బాల్యవివాహాలు ఆపాలని, పెళ్లి వయసు పెంచాలని తీర్మానం తెచ్చారు. దేశం మొత్తానికి వర్తించే శారదా చట్టం 1929లో వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది ఏళ్లు నిండాలని ఆ చట్టం చెప్పింది. స్త్రీలను కొని అమ్మే వేశ్యాగృహాల మీద మద్రాసు రాష్ట్రంలో వచ్చిన చట్టం వెనుక కూడా ఆమె కృషి ఉంది. దేశంలో చదువు పరిస్థితిని పరిశీలించడానికి వేసిన హార్టాగ్ కమిటీలో సభ్యురాలిగా ఊరూరా తిరిగి ఆడపిల్లల బడులను చూశారు.

భూమి ఎవరిది?

ఇవన్నీ ఒక ఎత్తు. దేవదాసీ సమస్య మరొక ఎత్తు. 1927 నవంబరులో ఆమె శాసనమండలిలో ఒక తీర్మానం పెట్టారు. ఆడపిల్లలను గుళ్లకు అంకితం చేయడం ఆపేందుకు ప్రభుత్వం చట్టం తేవాలన్నది దాని సారం. మండలి ఆమోదించింది. కాని తీర్మానం వేరు, చట్టం వేరు. ప్రభుత్వం ఇది మతానికి సంబంధించిన విషయమని తప్పుకో చూసింది.

అంకితం చేసే ఆచారం ఎందుకు ఆగడం లేదు? భక్తి వల్లనా? కొంత భక్తి ఉంది. అసలు చిక్కు భూమిలో ఉంది. ఇది కొంచెం నిదానంగా చదవండి.

పాతకాలపు రాజులు, జమీందారులు గుడిలో ఆడిపాడే స్త్రీల కుటుంబాలకు మాన్యాలు ఇచ్చారు. మాన్యం అంటే సేవ చేసినంత కాలం అనుభవించే భూమి. ఆ ఇంట్లో ఎవరో ఒకరు గుడిలో సేవ చేస్తూ ఉంటేనే భూమి వారి చేతిలో ఉంటుంది. సేవ ఆగిన రోజున భూమి పోతుంది. కాబట్టి తల్లికి ముసలితనం రాగానే కూతుళ్లలో ఒకరిని గుడికి ఇవ్వక తప్పదు. ఇవ్వకపోతే ఇంటిల్లిపాదికీ కూడు ఉండదు. ఆ తల్లిని తిట్టి ఏం లాభం?

ముత్తులక్ష్మీ రెడ్డిగారు ఈ ముడిని పట్టుకున్నారు. హిందూ దేవాదాయ ధర్మాదాయ చట్టానికి ఒక సవరణ తెచ్చారు. 1929లో అది నెగ్గింది. దాని ప్రకారం మాన్యం అనుభవిస్తున్న దేవదాసీ ఇక గుడిలో సేవ చేయనక్కరలేదు. అయినా భూమి ఆమెకే ఉంటుంది. గుడికి కొంత శిస్తు కడితే చాలు. చూడటానికి చిన్న సవరణ. దీనితో తల్లికి కూతురిని గుడికి ఇవ్వవలసిన అవసరం పోయింది. సంస్కర్తలు చాలామంది చెడు ఆచారాన్ని తిట్టారు. ఆ ఆచారం మీద ఆధారపడిన వాళ్లు రేపు ఏం తింటారన్న ప్రశ్నకు జవాబు వెతికినవారు తక్కువ. ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే పని ఇదే.

ఎదురుగాలి

అందరూ ఆమెను మెచ్చుకున్నారని అనుకోకండి. సభలో, పత్రికల్లో ప్రతికూలత బాగా వచ్చింది. శాస్త్రాల్లో ఉన్న ఆచారాన్ని చట్టంతో తీసేయకూడదని కొందరు వాదించారు. కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి వంటి పెద్దలు కూడా ఆ పక్షాన నిలబడ్డారు. దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడేవారు స్త్రీ స్వాతంత్ర్యం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనక్కి తగ్గారన్నది మీరు ఆలోచించదగ్గ ప్రశ్న.

మరో వైపు నుంచి వచ్చిన వ్యతిరేకత వేరు రకం. అది దేవదాసీల నుంచే వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ పేరు మీరు విని ఉంటారు. గొప్ప గాయని. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆమె. మన ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము కావ్యాన్ని 1910లో అచ్చు వేయించినది కూడా ఈమే. నాగరత్నమ్మ, మద్రాసులోని దేవదాసీల సంఘం కలిసి ప్రభుత్వానికి విన్నపాలు పంపారు. తామందరినీ వేశ్యలుగా లెక్కకట్టవద్దని, తాము విద్యావంతులమని, తమ ఆస్తిహక్కులను, కళను పోగొట్టవద్దని వారు కోరారు. దేవదాసీ కులంలోనే పుట్టి, ఆ ఆచారాన్ని రూపుమాపమని ఊరూరా తిరిగి ప్రచారం చేసిన మూవలూరు రామామృతం అమ్మాళ్ వంటివారు ముత్తులక్ష్మీ రెడ్డిగారి పక్షాన ఉన్నారు. అంటే ఒకే కులం స్త్రీలు రెండు వైపులా నిలిచారు.

మన కందుకూరి వీరేశలింగంగారు అంతకు ముందే భోగం మేళాలకు వ్యతిరేకంగా రాశారు, మాట్లాడారు. ఆ దారిలోనే ముత్తులక్ష్మీ రెడ్డిగారు బహిరంగ సభల్లో దేవదాసీల నాట్యం పెట్టించవద్దన్నారు. 1932లో మద్రాసు పత్రికల్లో ఈ. కృష్ణయ్యర్ అనే న్యాయవాదికీ ఆమెకూ దీని మీద గట్టి వాదోపవాదాలు జరిగాయి. ఆచారం పోవాలి గాని ఆట ఎందుకు పోవాలన్నది కృష్ణయ్యర్ వాదం. ఆయనే స్వయంగా ఆడవేషం వేసి ఆ నాట్యం ఆడి చూపేవాడు. చివరకు ఆ నాట్యం పోలేదు. భరతనాట్యం అనే పేరుతో పెద్ద కులాల ఇళ్లకు చేరింది. దానిని అంత వరకు కాపాడిన స్త్రీలలో చాలామంది మాత్రం పేరూ, జీవనోపాధీ పోగొట్టుకున్నారు. ఈ విషయంలో ముత్తులక్ష్మీ రెడ్డిగారి చూపు కొంత ఇరుకుగా ఉందని అనక తప్పదు. పిల్లలను గుడికి ఇవ్వకూడదన్న మాటలో మాత్రం ఆమె పొరపాటు ఏమీ లేదు.

అంకితం చేయడాన్నే నేరంగా చేసే బిల్లును ఆమె 1930లో ప్రవేశపెట్టారు. అంతలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. 1930 మేలో గాంధీజీని అరెస్టు చేశారు. అందుకు నిరసనగా ఆమె శాసనమండలి సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆమె తన చేతిలో ఉన్న బిల్లును వదిలి వచ్చారు. ఎంతో కాలంగా కష్టపడిన పని చివరి మెట్టు మీద ఉండగా ఆమె ఈ నిర్ణయం తీసుకున్నారు. అది సరైనదా కాదా అని మీ తోటి విద్యార్థులతో చర్చించండి. ఆ బిల్లు చట్టం కావడానికి ఇంకా 17 ఏళ్లు పట్టింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే మద్రాసు దేవదాసీ నిరోధ చట్టం వచ్చింది. ఆడపిల్లను గుడికి అంకితం చేయడం నేరమనీ, ఇదివరకే అంకితమైన స్త్రీ కూడా పెళ్లి చేసుకోవచ్చుననీ అది చెప్పింది.

మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఆ చట్టమే వర్తించింది. నిజాం పాలనలో ఉన్న తెలంగాణకు వర్తించలేదు. జోగిని, బసివి, మాతంగి అనే పేర్లతో పేద దళిత కుటుంబాల పిల్లలను ఎల్లమ్మ వంటి గ్రామదేవతలకు వదిలిపెట్టే ఆచారం ఆ తర్వాత కూడా కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో రాష్ట్రం మొత్తానికి కొత్త చట్టం చేసింది.

తలుపు తట్టిన పిల్లలు

1930లోనే మరొక సంఘటన జరిగింది. ఒక రాత్రి ముగ్గురు ఆడపిల్లలు ముత్తులక్ష్మీ రెడ్డిగారి ఇంటి తలుపు తట్టారు. దేవదాసీ కుటుంబాల పిల్లలు. తమను అంకితం చేయకముందే ఇంటి నుంచి తప్పించుకొని వచ్చారు. ఎక్కడ ఉంచాలి? నగరంలో ఆడపిల్లల వసతిగృహాలు ఉన్నాయి. కాని ఆ పిల్లల కులం తెలిసి ఎవరూ చేర్చుకోలేదు. చట్టం గురించి సభల్లో మాట్లాడటం వేరు, వచ్చిన పిల్లలకు ఆ రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టడం వేరు. ఆమె వారిని తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఇంకొందరు వచ్చారు. ఇల్లు చాలకపోయింది. అలా మొదలైనదే అవ్వై హోమ్. అవ్వైయార్ పాతకాలపు తమిళ కవయిత్రి. మనకు మొల్ల ఎలాగో తమిళులకు అవ్వై అలాంటిది. ఆ పేరు పెట్టారు. అడయారులో అది స్థిరపడింది. కులం అడగకుండా, దిక్కులేని ఆడపిల్లలను చేర్చుకొని, చదువు చెప్పించి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా తయారు చేయడం దాని పని.

చెల్లెలి జబ్బు

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ముత్తులక్ష్మీ రెడ్డిగారికి ఒక చెల్లెలు ఉండేది, సుందరాంబాళ్. ఆమెకు పేగులో కాన్సరు వచ్చింది. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అక్క డాక్టరు, బావ డాక్టరు, మద్రాసులో పెద్ద ఆస్పత్రులు ఉన్నాయి. ఏం లాభం? 1923లో అక్క ఇంట్లోనే, అక్క కళ్లెదుటే, నొప్పితో నలిగి నలిగి ఆ చిన్నది కన్నుమూసింది. ఆ బాధ ఆమెను ఎప్పుడూ వదలలేదు. ఇంగ్లండులో చదువుకునేటప్పుడు అక్కడి కాన్సరు ఆస్పత్రిని ప్రత్యేకంగా చూసి వచ్చారు.

1935లో మద్రాసు వైద్య కళాశాల శతాబ్ది ఉత్సవం జరిగింది. ఆ సభలో ఆమె మద్రాసులో కాన్సరుకు ప్రత్యేకమైన ఆస్పత్రి కావాలని కోరారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాన్సరు వస్తే మనిషి ఎలాగూ చనిపోతాడు, దానికి వేరే ఆస్పత్రి ఎందుకన్నది ఆనాటి ప్రభుత్వాల ఆలోచన. పేదదేశంలో మలేరియా, కలరా ఉండగా దీనికి డబ్బు ఎందుకు పెట్టాలన్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కాని నొప్పితో ఉన్న రోగికి ఆ న్యాయం ఏం పనికొస్తుంది?

1949లో మహిళా సంఘం పేరు మీద ఆమె కాన్సరు నిధి మొదలుపెట్టారు. అప్పటికి వయసు 60 దాటింది. ఇంటింటికీ తిరిగి చందాలు అడిగారు. ఆమె చిన్న కొడుకు కృష్ణమూర్తి అప్పటికి డాక్టరై, కాన్సరు వైద్యం నేర్చుకున్నాడు. 1952లో ప్రధానమంత్రి నెహ్రూ అడయారులో శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న ఆస్పత్రి తెరిచారు. పడకలు 12. చుట్టూ గుడిసెలు. బొంబాయిలో, కలకత్తాలో కాన్సరు ఆస్పత్రులు ఉన్నాయి గాని, దక్షిణాదిలో పేదవాడు వెళ్లగలిగినది ఇదే మొదలు. మద్రాసుకు రైలెక్కిన మన నెల్లూరు, చిత్తూరు జిల్లాల రోగులెందరో అడయారు ఆస్పత్రి పేరు చెప్పుకున్నారు.

1956లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. 1968 జులై 22న, మరో వారం గడిస్తే 82 ఏళ్లు నిండుతాయనగా, ఆమె మద్రాసులో మరణించారు.

ఆస్పత్రి తెరిచిన మరుసటి సంవత్సరం, 1955లో, వి. శాంత అనే యువ డాక్టరు ప్రభుత్వ ఉద్యోగం వద్దనుకొని అక్కడ చేరారు. కృష్ణమూర్తితో కలిసి 12 పడకల ఆస్పత్రిని వందల పడకల సంస్థగా పెంచారు. ఆమె ఆ ఆవరణలోనే ఒక గదిలో నివసించారు. 2021లో చనిపోయే వరకు రోగులను చూస్తూనే ఉన్నారు.